పాలకొడిసె ఆకు మీద చుక్క

వరసగా పదిహేడు పొద్దులు
వట్టి చేతులతో గూడేనికి తిరిగొచ్చినాను.
పదిహేడో రోజు మా కుక్క కూడా
ఎదురు రాలేదు.

విల్లు పట్టడం మామ ఈదన్న నాకు
మాటల్తో నేర్పలేదు.
ఊరికే ముందు నడిచేవాడు.
బైర్లూటి దాటి, ఎండిన వాగు దాటి,
కొండముచ్చులు కాయలు రాల్చే చోట
గాలికి ఎదురుగా కూర్చునేవాడు.
మోకాలి మీద చీమ పాకినా దులిపేవాడు కాదు.
నేను దులిపేవాణ్ణి.
ఆ ఒక్క కదలికకే మంద మాయమైన రోజులు నాలుగు.
గాలి తిరిగి మా వాసన మోసిన రోజులు ఐదు.
మిగతావి ఎందుకు పోయినాయో
అడవికే తెలియాలి.

పద్దెనిమిదో రోజు
తునికి చెట్ల నడుమ
ఒక దుప్పి పక్కకు తిరిగి నిలబడింది.
దూరం ఎక్కువని నాకు తెలుసు.
ఇంకో పది అడుగులు రానియ్యాల్సింది.
నా వేళ్ళు కడుపు మాట విన్నాయి.

తడిగుడ్డను బండకేసి కొట్టినట్టు చప్పుడు.
తగిలిందని గంతేసినాను.
మామ నా భుజం పట్టి కూర్చోబెట్టి
పొగాకు తీసి అరచేతిలో నలిపినాడు.
"యాడికి? కూర్చో.
ఇప్పుడు తరిమితే సచ్చేదాకా పరిగెత్తుతాది.
దాన్ని పండుకోనీ."

పొగాకు అయిపోయినాక లేచినాం.
పాలకొడిసె ఆకు మీద మొదటి చుక్క.
మామ వేలితో రుద్ది, వాసన చూసినాడు.
నురగ లేదు. నల్లగా ఉంది.
లోపల మేసిన గడ్డి పసరు.
"పొట్టలో కొట్టినావురా" అన్నాడు.
అంతే. తిట్టలేదు.
తిట్టుంటే బాగుండేది.

చుక్క కనిపించిన ప్రతి చోటా
ఒక ఆకు మడిచి పెట్టినాం,
జాడ తప్పితే అక్కడికే తిరిగొచ్చి
మళ్ళీ మొదలుపెట్టడానికి.
మూడుసార్లు తప్పింది. మూడుసార్లు వచ్చినాం.
రాత్రి నెగడు లేకుండా బండ మీద పండుకున్నాం.
చీకట్లో ఎక్కడో అది కూడా
మేలుకొనే ఉంటాదని నాకు నిద్ర పట్టలేదు.

రెండో పొద్దు చెలమ దగ్గర
ఇంకో దుప్పి.
పన్నెండు అడుగులు. తల వంచి నీళ్ళు తాగుతాంది.
గాలి మా వైపే.
పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.
ఇన్ని రోజులు నేను అడిగింది ఇదే.
బాణం ఎక్కించినాను.
మామ చెయ్యి వచ్చి నారిని పట్టుకుంది.
"ఒకటి బాకీ ఉన్నాం" అన్నాడు, గుసగుసగా.
"అది తీరకముందే ఇంకో అప్పా?"
దుప్పి తాగినంత తాగి,
తీరిగ్గా మమ్మల్ని చూసి,
పోయింది.
ఆ రోజు మామను తిట్టుకున్నాను.
లోపలే. గట్టిగానే.

మూడో పొద్దు వాన.
ఎండాకాలపు వాన, పావుగంట,
మేం మడిచిన ఆకుల్ని వదిలేసి
మిగతావన్నీ కడిగేసింది.
నల్ల బండల మీద ఇద్దరం
మోకాళ్ళ మీద పాకినాం.
రాబందు తిరుగుతుందేమోనని ఆకాశం చూసినాం.
ఒక్కటి కూడా రాలేదు.
పొద్దు గుంకినాక కూడా మామ ఎతుకుతానే ఉన్నాడు,
అరచేత్తో, గుడ్డోడు గోడ తడిమినట్టు.

గుడిసె ముందు ఈరమ్మ
వాళ్ళ నాయనను కాదు, నన్నే అడిగింది:
"దొరికిందా?"
తెచ్చినావా అనలేదు.
నూలగడ్డలు ఉడకబెట్టి ముందర పెట్టింది.
మామ తినకుండా నా విల్లు తీసుకుని
నారి విప్పి, చుట్టి, చూరులో పెట్టినాడు.
మళ్ళీ కోతకాలం దాకా దాన్ని నాకియ్యలేదు.

ఇప్పుడు మామ లేడు. వేట లేదు.
పులుల అడవిలో కాపలా పని నాది.
ఖాకీ చొక్కా, జీపీఎస్ మిషను,
రెండు నెలలకోసారి వచ్చే నెల జీతం.
ఉచ్చులు కనపడితే విప్పుతాను,
అడుగులు కనపడితే కొలుస్తాను.
సాయంత్రం క్యాంపులో బీటు ఆఫీసరు అడుగుతాడు,
"ఏమన్నా కనపడిందా?"
"ఏం లేదు సార్."
రిజిస్టరులోనూ అదే రాస్తాను.

ఆ నల్ల బండల దగ్గరికొచ్చేసరికి మాత్రం
నా వెనక నడిచే పిల్లోళ్ళు విసుక్కుంటారు.
ముప్పై ఏళ్ళు. ఎముక కూడా మట్టయి ఉంటాది.
నాకు తెలుసు.
వంగి ఒక పాలకొడిసె ఆకు
తిరగేసి చూస్తాను,
మడిచి పెట్టి
ముందుకు పోతాను.